కుడికంటి సాక్ష్యం

తలుపు లోపలివైపు పెయింటు మీద గోటి గీతలున్నాయి. సీఐ వంగి లెక్కపెట్టింది. పదకొండు.

గీతలన్నీ పిడి ఉండాల్సిన చోటు చుట్టూనే ఉన్నాయి. పిడి మాత్రం లేదు. అది ఊడి ఆరు నెలలైందట. బయట గడియ పడితే లోపలున్న మనిషికి ఇంకో దారి లేదు.

మిల్లు మేనేజర్ గుమ్మానికి అడ్డంగా పడి ఉన్నాడు. చొక్కా గుండీలన్నీ తెంపేసుకున్నాడు. మధ్యాహ్నం రెండూ ఇరవైకి ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ గడియ తీయగానే, తలుపుకు ఆనుకుని ఉన్న శరీరం ఆమె కాళ్ళ మీదికి ఒరిగింది. ఆవిడ ఇంకా నీళ్ళ కుళాయి దగ్గర కూర్చుని పాదాలు కడుక్కుంటూనే ఉంది.

అది బట్టలకు రంగులద్దే మిల్లు. ఆ గది, రంగు వేసిన గుడ్డముక్కల్ని ఆరబెట్టే డ్రైయర్. స్నానాల గదికంటే కాస్త పెద్దది. తలుపు మూసుకుంటే చాలు, లోపల వేడిగాలి ఎనభై అయిదు డిగ్రీలు. ఫ్యాను హోరులో లోపలివాడు ఎంత అరిచినా బయటికి వినపడదు. గుండెజబ్బు మనిషి కాబట్టి పావుగంటకు మించి ఆగి ఉండడని పోలీసు డాక్టరు తేల్చాడు.

తలుపు బయటివైపు ఒక తెల్లకాగితం అంటించి ఉంది. ఎర్ర మార్కర్‌తో అరచేయంత అక్షరాలు. "పిడి లేదు. ఎవరూ లోపలికి వెళ్ళరాదు." రాసింది మేనేజరే. పన్నెండూ యాభైకి అంటించాడు. ఆ తర్వాత కొత్త పిడికి కొలతలు తీసుకుందామని టేపు పట్టుకుని తనే లోపలికి వెళ్ళాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ చెప్పినవాడే వినలేదు.

గడియ దానంతటది పడే రకం కాదు. బరువైన ఇనప గడియ. ఎత్తి వేయాలి.

మరి ఎవరు వేశారు?

సీఐకి సాక్షి వెంటనే దొరికాడు. అంత వెంటనే దొరికినందుకే అనుమానపడి ఉండాల్సిందని ఆవిడ తర్వాత తనను తానే తిట్టుకుంది.

సాక్షి షేడ్ మాస్టర్. వచ్చిన ఆర్డరు ముక్క పక్కన, అద్దిన ముక్క పెట్టి, రంగు కలిసిందో లేదో చెప్పే మనిషి. ఇరవై ఏడేళ్ళ సర్వీసు. ఆయన కలిసిందంటే లారీ కదులుతుంది. కాదంటే తొట్టెడు రంగు కాలవలోకి పోతుంది. ఆయన కూర్చునే షేడ్ రూమ్, డ్రైయర్‌కు సరిగ్గా ఎదురుగా, రెండు బారల దూరంలో ఉంటుంది. గోడలు బూడిదరంగు. కిటికీలు లేవు. బయటి వెలుగు పడితే కన్ను చెదురుతుందని పనివేళల్లో తలుపు తీయరు. ఎవరైనా తడితే, తలుపుకున్న బఠాణీగింజంత అద్దపు రంధ్రంలోంచి చూసి, అవసరమైతేనే తీస్తారు.

ఆయన వాంగ్మూలాన్ని రైటర్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. స్టేషన్లో రాతపని చేసే కానిస్టేబుల్ అతను. పాతికేళ్ళుగా ఊరందరి అబద్ధాలూ రాసీ రాసీ చేతికి కాయలు కాచిన మనిషి.

"ఒంటిగంటా పన్నెండుకు గడియ చప్పుడైంది. రంధ్రంలోంచి చూశాను. ఎదురుగా డ్రైయర్ తలుపు మూసి ఉంది. దాని మీద తెల్లకాగితం ఉంది, ఏమీ రాసి లేదు. ఒక మనిషి అటు తిరిగి మెట్లవైపు వెళ్తున్నాడు. మొహం చూడలేదు. నల్లకోటు."

ఆ మిల్లులో ఎవరి కోటు రంగు వారిది. అద్దకం హాలుకు పసుపు, ల్యాబ్‌కూ షేడ్ రూమ్‌కూ తెలుపు, స్టోరుకు ఆకుపచ్చ, బాయిలరుకు నలుపు. ఎవరు ఎక్కడ ఉండకూడని చోట తిరుగుతున్నారో దూరం నుంచే పట్టుకోవడానికి యజమాని తండ్రి పెట్టిన పద్ధతి.

నల్లకోట్లు రెండే. ఒకతను సెలవులో ఉన్నాడు. మిగిలినవాడు బాయిలర్ మనిషి. అతను షేడ్ మాస్టర్‌కు సొంత బావమరిది, భార్యకు తోడబుట్టిన తమ్ముడు.

పైగా ఆ ఉదయమే అతను మేనేజర్ మీద నోరు పారేసుకున్నాడు. డ్రైయర్‌కు పిడి పెట్టించమని ఆరు నెలలుగా రాసి ఇస్తున్నా చెవిన పెట్టడం లేదని, ఏదో ఒకరోజు మీరే అందులో ఇరుక్కుంటే అప్పుడు తెలుస్తుందని హాలు నడిబొడ్డున అరిచాడు. నలభైమంది విన్నారు.

ఇంకేం కావాలి? సొంత బావమరిది అని కూడా చూడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాడని మిల్లంతా మాస్టర్‌ను మెచ్చుకుంది. డీఎస్పీ ఫోన్లోనే శభాష్ అన్నాడు. సాయంత్రం ఆరింటికి సీఐ బాయిలర్ మనిషిని జీపెక్కించింది. మర్నాడు ఆరులోగా మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఆ తర్వాత జైలు. అక్కణ్ణించి బయటపడటం ఎన్నాళ్ళకో ఎవరూ చెప్పలేరు.

రాత్రంతా లాకప్‌లో బాయిలర్ మనిషి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం సీఐని పిలిచి మాట్లాడాడు.

"మా బావ కన్ను తప్పదు మేడమ్. అబద్ధం కూడా చెప్పడు. కానీ నేనటు వెళ్ళలేదు. ఈ రెండూ నిజమే. ఎట్లాగో మీరే చూడండి."

తప్పు చేసినవాడు సాక్షిని తిడతాడు. ఇతను సాక్షిని వెనకేసుకొస్తున్నాడు. సీఐకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఉదయం ఏడింటికి ఇంట్లో ఇంకో గొడవ. కాలేజీకి వెళ్ళే కూతురు వాష్‌బేసిన్ అద్దం ముందు నిలబడి కళ్ళలో ఏదో పెట్టుకుంటోంది. తిరిగి చూస్తే నల్లకళ్ళ పిల్ల కాస్తా పిల్లికళ్ళ పిల్ల అయిపోయింది. నీలం కాంటాక్ట్ లెన్సులట. కాలేజీలో నాటకమట.

"లోకమంతా నీలంగా కనబడుతోందా తల్లీ?" అంది సీఐ వెటకారంగా.

"నువ్వసలు పోలీసువేనా అమ్మా? రంగంతా చుట్టూ ఉంటుంది. నడిమధ్య కంటిపాప దగ్గర ఖాళీ. అందులోంచే చూస్తాం. కాబట్టి ఏ రంగూ మారదు. చీకట్లో పాప పెద్దదైతే అంచుల్లో కొంచెం మసకేస్తుంది, అంతే."

"మరి నడిమధ్య కూడా రంగుంటే?"

"అప్పుడు రంగు కళ్ళజోడు పెట్టుకున్నట్టే. అట్లాంటివి ఎవరు పెట్టుకుంటారు?"

ఎవరు పెట్టుకుంటారో సీఐకీ తెలియదు. జీపు తాళాలు తీసుకుని బయల్దేరింది.

తొమ్మిదీ నలభైకి మిల్లులో ఉంది. ముందు డ్రైయర్‌లోకి వెళ్ళి, సరిగ్గా ఒక్క నిమిషం గడియ వేయమని రైటర్‌తో చెప్పింది. అతను వద్దన్నాడు. వినలేదు.

గడియ పడింది. వేడి ముక్కులోకి సూదుల్లా దిగింది. గుక్కెడు గాలి పీల్చుకోబోతే ఛాతీ మండింది. నాకేం, బయట నా మనిషున్నాడు అనుకుంది. అయినా ఇరవై అంకెలు లెక్కపెట్టేసరికి ఆవిడ చెయ్యి ఆమెనడక్కుండానే పిడి లేని రంధ్రాన్ని తడుముతోంది. తలుపు తెరుచుకున్నాక రైటర్, అర నిమిషం కూడా కాలేదు, నాకే భయమేసి తీసేశాను అన్నాడు. ఆ పదకొండు గీతలు ఎలా పడ్డాయో ఇప్పుడు ఆవిడకు బాగా తెలుసు. తప్పు మనిషిని లోపలేసి ఉంటే తను కూడా ఒక గడియ వేసినట్టేనని తోచింది.

పదింటికి షేడ్ రూమ్.

మాస్టర్ బూడిదరంగు బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. ఒక్క రాత్రిలో పదేళ్ళు మీదపడ్డట్టున్నాడు. కుడికన్ను ఎర్రబడి నీరు కారుతోంది. నిద్ర లేదన్నాడు. బావమరిదిని అప్పజెప్పినందుకు రాత్రి భార్య అన్నం పెట్టలేదట, తనూ తినలేదట.

సీఐ రంధ్రంలోంచి చూసింది. ఎదురు తలుపు మీద కాగితం. ఎర్ర అక్షరాలు ఒక్కొక్కటీ కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి.

నిన్న ఏమీ రాసి లేదన్న మాట ఆవిడకు అప్పుడు ముల్లులా గుచ్చుకుంది. దూరం నుంచి పెద్దాయనకు అక్షరాలు ఆనలేదేమోనని నిన్న రైటర్ అంటే తనూ తలూపి ఊరుకుంది. కానీ ఇది దూరమా? వెంట్రుకవాసి తేడా పట్టే కన్నుకు అరచేయంత అక్షరం కనబడలేదా?

"నిన్న ఎట్లా చూశారో ఒకసారి చూపించండి."

మాస్టర్ లేచి, నడుం వంచి, కుడికన్ను రంధ్రానికి ఆనించాడు. ఎడమకన్ను మూశాడు.

"కాగితం మీద ఏముంది?"

మాస్టర్ కన్ను ఇంకా గట్టిగా ఆనించాడు.

"చదవండి మాస్టర్‌గారూ."

"కళ్ళు మండుతున్నాయమ్మా. రేపు చూస్తాను."

బల్ల మీద నంబర్లు వేసిన రంగుముక్కలు వరుసగా ఉన్నాయి. ఆవిడ ఒకటి తీసి ఇదేం రంగని అడిగింది. నాలుగొందల పదమూడు అన్నాడాయన. రంగు పేరు అడుగుతున్నానంది. ఈ గదిలో రంగు పేరు పలకకూడదని, పలికితే కన్ను పేరును చూస్తుంది తప్ప రంగును చూడదని, అది తన గురువు పెట్టిన నియమమని చెప్పాడు. ఇరవై ఏడేళ్ళలో తప్పలేదట.

"నిన్న తప్పారు కదా. నలుపన్నారు."

మాస్టర్ మొహం ఆ గది గోడల రంగుకు తిరిగింది. ఆవిడ ఇంకేమీ అడక్కుండా బయటికి వచ్చింది.

ల్యాబ్ ఆవిడ మాటల మనిషి. కదిపితే చాలు. మాస్టర్‌కు నిరుడు టీబీ వచ్చిందనీ, అయిదు నెలలు సెలవు పెట్టాడనీ, ఆరోగ్యం కుదుటపడి తిరిగొచ్చాడనీ చెప్పింది. ఏటా మిల్లులో చుక్కల పుస్తకంతో కళ్ళ పరీక్ష ఉంటుంది. రంగుచుక్కల్లో దాగిన అంకెలు చదవాలి. ఒక్కటి తప్పినా షేడ్ రూమ్‌లో ఉండనివ్వరు. జబ్బు తర్వాత కూడా మాస్టర్ అన్నీ చదివేశాడు.

"కానీ మేడమ్, ఈ నాలుగు నెలల్లో అయిదు లాట్ల బట్ట వెనక్కొచ్చింది. రంగు కలవలేదని. మాస్టర్ కన్ను తప్పదు కదా? అందుకని స్టోరులో పౌడర్లు కల్తీ అవుతున్నాయని మేనేజర్‌గారు తేల్చారు. వారం లోపల వెళ్ళిపొమ్మని స్టోర్ కీపర్‌కు చెప్పేశారు. మొన్న పాపం ఆయన ఈ కుళాయి దగ్గరే నిలబడి ఏడ్చాడు."

స్టోర్ కీపర్‌ను ఎవరూ ఏమీ అడగలేదు. ఎందుకడుగుతారు? చూసింది నల్లకోటు.

సీఐ స్టోరు గుమ్మం దగ్గర ఆగింది. సన్నగా, పొడుగ్గా, ఆకుపచ్చ కోటులో ఒక మనిషి డబ్బాల మీది చీటీలన్నీ ఒకే వైపు తిరిగి ఉండేలా సర్దుతున్నాడు. పదిహేడేళ్ళ సర్వీసట. నిన్న ఒంటిగంట తర్వాత ఇక్కడే ఉన్నానన్నాడు. అడగకముందే అన్నాడు.

పన్నెండున్నరకు సీఐ కంటి డాక్టర్ దగ్గర కూర్చుంది. ఒకటే ప్రశ్న అడిగింది. టీబీకీ రంగులకూ సంబంధం ఉందా?

ఉందన్నాడు డాక్టరు. టీబీ మాత్రల్లో ఒక రకం కొందరి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. వాళ్ళకు చాలాసార్లు ముందు పోయేది ఎరుపూ ఆకుపచ్చా తేడా. మందు ఆపితే చాలామందికి తిరిగి వస్తుంది. కొందరికి రాదు.

మరి అలాంటివాడు చుక్కల పుస్తకం ఎలా చదువుతాడు?

డాక్టరు సొరుగు తీసి ఒక చిన్న ఎర్రటి గాజుబిళ్ళ బల్ల మీద పెట్టాడు. ఇదే రంగులో కాంటాక్ట్ లెన్స్ దొరుకుతుందన్నాడు. సోకుకు పెట్టుకునేది కాదు, నడిమధ్య కూడా రంగుండేది. ఒక్క కంటికే పెట్టుకుంటారు. నల్లకళ్ళలో అది ఉన్నట్టే తెలియదు. రెండు కళ్ళకూ రెండు రకాలుగా కనబడేసరికి ఎరుపు ఒక చోట వెలుగుతుంది, ఆకుపచ్చ ఒక చోట మసకబారుతుంది. ఆ తేడాను పట్టుకుని అంకెలు చదివేయొచ్చు.

"అయితే చూపు తిరిగొచ్చినట్టేనా?"

"ఎక్కడి చూపమ్మా. అది పరీక్ష గట్టెక్కడానికి ఊతకర్ర. సన్నటి తేడాలు పట్టలేరు. పైగా ఇంకో కన్ను మూసి ఆ ఒక్క కంటితోనే చూశారనుకోండి, వట్టి ఎర్రద్దంలోంచి చూసినట్టే. తెల్లకాగితం మీద ఎర్రసిరా మాయమైపోతుంది. ఆకుపచ్చ నల్లబడుతుంది."

రైటర్ పెన్ను ఆగింది. అతను మెల్లగా తలెత్తి సీఐ వైపు చూశాడు. ఆవిడ అప్పటికే లేచి నిలబడి, ఆ గాజుబిళ్ళ సాయంత్రం దాకా ఇవ్వమని అడుగుతోంది.

జీపులో ఉండగా డీఎస్పీ ఫోన్ చేశాడు. రిమాండ్ కాగితాలు ఏవన్నాడు. ఆరులోగా అంది. సాక్షి లెన్స్ పెట్టుకున్నాడని డాక్టరు చేత రాయించాలంటే నోటీసివ్వాలి, పరీక్ష జరగాలి, నివేదిక రావాలి. రేపో ఎల్లుండో. ఈలోగా బాయిలర్ మనిషి జైల్లో ఉంటాడు. అతణ్ణి ఈ రోజే బయట పడేయగలిగింది మాస్టర్ నోరొక్కటే. ఆ నోరు విప్పితే మాస్టర్ ఉద్యోగం ఈ రోజే పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో పుస్తకాల్లో చదవడం వేరు, కళ్ళముందు చూడటం వేరు.

నాలుగూ పదికి అందరినీ షేడ్ రూమ్‌లో చేర్చి తలుపు మూయించింది. యజమాని, మాస్టర్, ల్యాబ్ ఆవిడ, స్టోర్ కీపర్. చేతులకు బేడీలతో బాయిలర్ మనిషి. నలుగురు పట్టే గదిలో ఆరుగురు. బూడిదరంగు గోడలు దగ్గరికి జరిగినట్టున్నాయి. ఒకరి ఊపిరి ఒకరికి తగులుతోంది.

బాయిలర్ మనిషి బావ వైపు ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. తను చూస్తే బావ ఇబ్బందిపడతాడని తిప్పుకున్నాడు. అది గమనించి మాస్టర్ తల దించుకున్నాడు.

సీఐ గాజుబిళ్ళ యజమాని చేతికిచ్చింది. దాన్ని కుడికంటికి అడ్డం పెట్టుకుని రంధ్రంలోంచి చూడమంది. వసారాలో రైటర్ ఒక కోటు తొడుక్కుని అటు తిరిగి మెట్లవైపు నడుస్తున్నాడు.

"ఏం కోటు?"

"నలుపు" అన్నాడు యజమాని.

"ఎదుటి తలుపు మీద కాగితం ఉందా?"

"ఉంది. ఖాళీ కాగితం. నిన్నటి నోటీసు తీసేశారా?"

"బిళ్ళ తీసి చూడండి."

యజమాని తీశాడు. చాలాసేపు చూశాడు.

"నోటీసు ఉంది. కోటు... ఆకుపచ్చ."

స్టోర్ కీపర్ తన కోటు ముందంచును రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు. లాక్కున్నందువల్ల దాగేదేమీ లేదు.

సీఐ నెమ్మదిగా చెప్పింది. నిన్న ఈ రంధ్రంలోంచి చూసిన మనిషి అబద్ధం చెప్పలేదు. నలుపు కనబడింది, నలుపన్నాడు. ఖాళీ కాగితం కనబడింది, ఖాళీ అన్నాడు. ఆ రెండో మాటను మేమెవరం పట్టించుకోలేదు, తప్పు మాది. ఒకే కంటికి ఎరుపు మాయమై, ఆకుపచ్చ నల్లబడింది. పసుపు నల్లబడదు, తెలుపు నల్లబడదు. ఈ మిల్లులో నల్లకోటు కానిది నల్లగా కనబడాలంటే అది ఒక్క కోటే కావాలి.

ఆవిడ గడియారం చూసుకుంది. నాలుగూ ఇరవై రెండు.

"ఆ కంటిలో ఏముందో నేను చెప్పను. డాక్టరుతో చెప్పించాలంటే రెండ్రోజులు. ఇతను జైలుకెళ్ళడానికి గంటన్నర. ఇక చెప్పాల్సినవాళ్ళే చెప్పాలి."

మాస్టర్ బల్ల మీద రంగుముక్కల వైపు చూస్తున్నాడు. ఒకటి తీశాడు. ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు. నాలుగూ ఇరవై మూడు. నాలుగూ ఇరవై నాలుగు. కుళాయి దగ్గర ఎవరో బిందె దించిన చప్పుడు తలుపు దాటి వినపడింది.

ఆయన ఎడమచేత్తో కుడిరెప్పను పైకి లాగి, రెండు వేళ్ళతో కంట్లోంచి ఏదో తీశాడు. అరచేయి చాపాడు. తడిగా, చిన్నగా, కుంకుడు గింజంత ఎర్రటి పొర.

"నలుపని చెప్పింది ఇదమ్మా. నేను కాదు అనడానికి లేదు. నేనే."

తర్వాత ఆయన ఆగలేదు. మాత్రలు మానేసినా రంగు తిరిగి రాలేదన్నాడు. షేడ్ రూమ్‌లోంచి బయటికి పంపితే తనకు ఇంకో పని రాదన్నాడు. రంగు పేరు పలకకూడదన్న నియమం ఇన్నాళ్ళూ తనను దాచిందన్నాడు. బావమరిదిని జీపెక్కిస్తుంటే, గుంపులో స్టోరు కోటును ఎడమకంటితో చూసి, కుడికంటితో చూస్తే అదీ నల్లబడిందని, ఏం చేశానో అప్పుడు తెలిసిందన్నాడు. "తెలిసి కూడా ఒక రాత్రీ ఒక పగలూ నోరు మూసుకున్నాను. నీకంటే నా కుర్చీ ఎక్కువైందిరా నాకు."

బాయిలర్ మనిషి ఏడుస్తున్నాడు. బేడీలున్న చేతులతో మొహం తుడుచుకోవడం రాక భుజానికి తుడుచుకున్నాడు.

అప్పుడు నవ్వు వినపడింది. నవ్వింది స్టోర్ కీపర్. అది నవ్వులా లేదు.

"అంటే నా పౌడర్ మంచిదే" అన్నాడు.

యజమాని వైపు తిరిగాడు.

"నాలుగు నెలలు మొత్తుకున్నాను. నా పౌడర్ మంచిదే, ఒక్కసారి మాస్టర్ కన్ను డాక్టరుకు చూపించండి అని మేనేజర్ కాళ్ళు పట్టుకున్నాను. మాస్టర్‌ను అనేంతవాడివయ్యావా అన్నాడు. దొంగవన్నాడు. పదిహేడేళ్ళు చేసినవాణ్ణి." కోటు అంచు వదిలేశాడు. "నిన్న మళ్ళీ బతిమాలదామని పైకొచ్చాను. లోపల ఉన్నాడు. నన్ను చూసి కూడా కొలతలు తీసుకుంటూనే ఉన్నాడు. తలుపు మూసి గడియ వేశాను. పది నిమిషాలు. పది నిమిషాలు ఎవరూ తన మాట వినకపోతే ఎట్లా ఉంటుందో తెలియాలని."

"పది నిమిషాలకు ఎందుకు తీయలేదు?" అంది సీఐ.

"వచ్చాను. ఒకటీ ఇరవై అయిదుకు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు చేరారు. తీస్తే చూస్తారు. వెళ్ళాక తీద్దామని మెట్ల మీద నిలబడ్డాను. వాళ్ళు వెళ్ళలేదు. నవ్వుకుంటున్నారు." కుళాయి ఉన్న వైపు చూశాడు. "తర్వాత ఇంక తీసినా లాభం లేదనిపించింది."

ల్యాబ్ ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నిన్న ఆ కుళాయి దగ్గర నవ్విందెవరో ఆవిడకు తెలుసు.

సీఐ బేడీలు ఒక జత చేతుల నుంచి తీసి ఇంకో జత చేతులకు వేసింది. తలుపు తీయించింది. బయటి గాలి లోపలికి వచ్చింది. నాలుగూ యాభైకి డీఎస్పీకి ఫోన్ చేసి, రిమాండ్ కాగితాల్లో పేరు మారుతుందని చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం పంచనామాలో మిగిలిన సంతకాల కోసం సీఐ, రైటర్ మళ్ళీ మిల్లుకొచ్చారు. డ్రైయర్ ముందు బాయిలర్ మనిషి గొంతుక్కూర్చుని పనిచేస్తున్నాడు. తలుపుకు లోపలివైపు పెద్ద తోపుడు పిడి బిగించాడు. బయట గడియ వేసి ఉన్నా లోపలినుంచి తోస్తే చాలు, గడియ లేచేలా కడ్డీ అమర్చాడు. పిడికి ఎర్రరంగు పూశాడు. రంగు ఇంకా తడిగా మెరుస్తోంది.

మాస్టర్ కోటు అప్పజెప్పడానికి వచ్చాడు. తెల్లకోటు మడతపెట్టి చేతిలో పట్టుకుని, ఇటు రావాలా వద్దా అన్నట్టు వసారా చివర నిలబడిపోయాడు. ఆయన్ని చూసి రైటర్ సీఐ మోచేతిని తాకాడు. ఇద్దరూ మెట్ల దగ్గరే ఆగారు.

"ఎంతసేపు నిలబడతావు బావా" అన్నాడు బాయిలర్ మనిషి, తలెత్తకుండానే. "లోపలికెళ్ళు. నేను గడియ వేస్తా. తోసి చూడు. ఆ పక్క రంగు అంటుకుంటుంది, చూసుకో."

మాస్టర్ గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. గడియ పడింది. డ్రైయర్ ఆపే ఉంది, అయినా సీఐకి ఊపిరి అందలేదు. ఒకటి, రెండు, మూడు. లోపల పాదాల చప్పుడు. అయిదు. ఆరు.

ధడాలున గడియ లేచింది. తలుపు తెరుచుకుంది. మాస్టర్ గుమ్మంలో నిలబడ్డాడు. అరచేయి నిండా తడి రంగు అంటుకుంది. ఆయన దాన్ని వెలుగులోకి తిప్పి, కళ్ళు చికిలించి చూసుకుంటున్నాడు.

"చూసుకో అన్నానా" అన్నాడు బావమరిది. "ఏం రంగో చెప్పు చూద్దాం."

మాస్టర్ చాలాసేపు చూశాడు. ఇరవై ఏడేళ్ళలో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"తెలీదురా. నువ్వే చెప్పు."

బాయిలర్ మనిషి లేచి, జేబులోంచి పీలికగుడ్డ తీసి, బావ చెయ్యి తన చేతిలోకి తీసుకుని తుడుస్తూ చెప్పాడు.

"ఎరుపు బావా. ఇంటికెళ్దాం పద. అక్క ఎదురుచూస్తోంది."